ఒక జాబ్ రీడింగ్ ఇంకో జాబ్ మీద: పీణ్యలో జావా, పైథాన్, సాకెట్ల కేస్ స్టడీ

బెంగళూరు పీణ్యలో బేరింగ్ రింగులు గ్రైండింగ్ చేసే చిన్న యూనిట్ అది. యజమానిది హిందూపురం. షాప్ ఫ్లోర్‌లో తెలుగు, కన్నడ రెండూ సమానంగా వినిపిస్తాయి. గ్రైండింగ్ అయిన రింగును గేజ్ టేబుల్ మీద పెట్టి ఒక చుట్టు తిప్పితే, గుండ్రదనం ఎన్ని మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతులు) తప్పిందో స్క్రీన్ మీద పడుతుంది. ఆ అంకె జాబ్ (అంటే ఒక్కో రింగు) నంబరుతో సహా ఇన్‌స్పెక్షన్ రిపోర్టులోకి ఎక్కుతుంది. రిపోర్టు లాట్‌తో పాటు కస్టమర్‌కు వెళ్తుంది. డ్రాయింగ్ ప్రకారం 5 మైక్రాన్లు దాటితే ఆ రింగు పక్కన పెట్టాల్సిందే.

నేను వెళ్లినప్పుడు క్వాలిటీ చూసే అక్క సమస్యను ఇలా చెప్పింది: “సార్, మాస్టర్ రింగు పెట్టినా ముందర జాబు రీడింగే వస్తాండాది. దాని ఎనక జాబు పెడితే మాస్టర్ది వస్తాది. కంప్యూటర్ ఆపి మళ్లా ఆన్ చేస్తే సరైపోతాది. ఎప్పుడో ఒగసారి మళ్లా మొదలైతాది.”

గేజ్ సరిగా ఉందో లేదో చూసుకోవడానికి పెట్టే ప్రామాణిక రింగే మాస్టర్. ఇక్కడి మాస్టర్ గుండ్రదనం అర మైక్రాన్ లోపే. దాని మీద 3.8 పడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. కానీ రెండు మామూలు జాబ్‌ల రీడింగులు మారిపోతే? 3.1 ఉండాల్సిన చోట 3.4 ఉంటే ఎవరూ గమనించరు. 6.2 ఉన్న రింగు మీద 3.4 పడితే అది పాసై ప్యాకింగ్‌కు వెళ్లిపోతుంది. దాని తర్వాత పెట్టిన మంచి రింగు స్క్రాప్ బుట్టలో పడుతుంది. ప్రోగ్రాం ఆగలేదు, ఎర్రర్ చూపలేదు, లాగ్‌లో ఒక్క హెచ్చరికా లేదు. ఆ అక్క ప్రతి షిఫ్ట్‌లో మాస్టర్ పెట్టే అలవాటు తప్పకుండా పాటించింది కాబట్టి ఇది బయటపడింది.

సాకెట్ ఎందుకు వచ్చింది

గేజ్ నుంచి ఒక చుట్టుకు 3600 పాయింట్లు వస్తాయి, డిగ్రీలో పదో వంతుకు ఒకటి. వాటిని తీసుకుని గుండ్రదనం లెక్కగట్టేది గేజ్ తయారీదారు ఎప్పుడో ఇచ్చిన ఒక డీఎల్‌ఎల్, అంటే వేరే ప్రోగ్రాంలు తమలోకి లోడ్ చేసుకుని వాడుకునే విండోస్ కోడ్ ఫైల్. విజువల్ బేసిక్ 6 కాలం నాటిది, 32 బిట్‌ది, సోర్స్ ఎవరి దగ్గరా లేదు. జాబ్ నంబర్లు, లాట్లు, రిపోర్టులు చూసే మిగతా సాఫ్ట్‌వేర్ అంతా జావాలో ఉంది, 64 బిట్‌ది. విండోస్‌లో 64 బిట్ ప్రాసెస్ 32 బిట్ డీఎల్‌ఎల్‌ను తనలోకి లోడ్ చేసుకోలేదు. జావా నుంచి అలాంటి కోడ్‌ను పిలిచే జేఎన్‌ఐ ఎంత జాగ్రత్తగా రాసినా ఈ గోడ దాటలేం. జావానే 32 బిట్‌కు దించుదామంటే, విండోస్ 32 బిట్ కోసం తయారుచేసే రూపాన్ని జావా 21లో తొలగింపు జాబితాలో పెట్టి, 2025లో వచ్చిన జావా 24లో పూర్తిగా తీసేశారు. ఆ దారిన వెళ్తే పాత జావాకే కట్టుబడి ఉండిపోవాలి.

ముందు పనిచేసిన టీమ్ ఎంచుకున్న దారి సరైనదే. 32 బిట్ పైథాన్‌లో ఒక చిన్న హోస్ట్ ప్రోగ్రాం రాశారు. అది సీటైప్స్ అనే పైథాన్ మాడ్యూల్ ద్వారా డీఎల్‌ఎల్‌ను పిలుస్తుంది. జావా ఆ హోస్ట్‌తో సాకెట్ మీద, అంటే రెండు ప్రోగ్రాంలు బైట్లు ఇచ్చిపుచ్చుకునే నెట్‌వర్క్ దారి మీద, మాట్లాడుతుంది. గేజ్ కార్డు డ్రైవర్ విండోస్ 7 మీద తప్ప నడవదు, కాబట్టి ఆ పీసీలో పైథాన్ 3.8 దాటడానికి లేదు. విండోస్ 7 మీద నడిచే చివరి పైథాన్ అదే. ఈ ఏర్పాటులో ఇంకో లాభమూ ఉంది: డీఎల్‌ఎల్ కూలితే హోస్ట్ ఒక్కటే పోతుంది, జేఎన్‌ఐ అయితే జావా మొత్తాన్నీ పట్టుకుపోతుంది.

సీటైప్స్ వాడేవాళ్లు తరచూ తడబడే రెండు చోట్ల కూడా వాళ్లు సరిగ్గానే రాశారు. విజువల్ బేసిక్ కోసం రాసిన డీఎల్‌ఎల్‌లు స్టాండర్డ్ కాల్ అనే పిలుపు పద్ధతి పాటిస్తాయి కాబట్టి ఆ పద్ధతికి సీటైప్స్‌లో ఉన్న విన్‌డీఎల్‌ఎల్ క్లాస్‌తోనే లోడ్ చేశారు. ఫంక్షన్ డబుల్ (8 బైట్ల దశాంశ సంఖ్య) తిరిగి ఇస్తుందని విడిగా ప్రకటించారు. ప్రకటించకపోతే సీటైప్స్ దాన్ని పూర్ణాంకం అనుకుని అర్థంలేని అంకె ఇస్తుంది.

తప్పంతా సాకెట్ దగ్గరే ఉంది. ఒకే ప్రోగ్రాం లోపల ఫంక్షన్‌ను పిలిచినప్పుడు మనకు అడగకుండానే మూడు దక్కుతాయి. ఇచ్చిన ఆర్గ్యుమెంట్లన్నీ పూర్తిగా చేరతాయి. తిరిగి వచ్చిన విలువ ఆ పిలుపుకు సంబంధించినదే అయి ఉంటుంది. ఒక్కసారి పిలిస్తే పని ఒక్కసారే జరుగుతుంది. సాకెట్ ఈ మూడింటిలో ఏదీ ఇవ్వదు. కనెక్షన్ బతికున్నంత సేపు బైట్లు వరుస తప్పకుండా చేరతాయన్న హామీ ఒక్కటే సాకెట్ కింద పనిచేసే టీసీపీ నియమావళిది. మిగతావి మనం రాసుకోవాలి. ఒక భాషలోని ఫంక్షన్‌ను ఇంకో భాష నుంచి సాకెట్ మీద పిలవాలనుకునేవాళ్లు కోడ్ కంటే ముందు ఈ మూడింటికీ జవాబు కాగితం మీద రాసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇక్కడ ఏ ఒక్కదానికీ జవాబు లేదు.

బదులు ఎవరిది

గేజ్ టేబుళ్లు రెండు, హోస్ట్ ఒక్కటే. జావా ఒక్కో టేబుల్‌కు ఒక్కో కనెక్షన్ తెరుస్తుంది. పొద్దున తెరిస్తే సాయంత్రం వరకు అదే కనెక్షన్. హోస్ట్ ఒకే థ్రెడ్‌తో, అంటే ఒకే పని వరుసతో, వచ్చిన రిక్వెస్టులను ఒకదాని తర్వాత ఒకటి తీసుకుంటుంది. డీఎల్‌ఎల్ లెక్కకు సెకనుకు పైనే పడుతుంది. జావా బదులు కోసం 2 సెకన్లు చూస్తుంది.

ఒక టేబుల్ మీదే పని జరుగుతున్నంత సేపు ఇబ్బంది లేదు. ఇద్దరు ఆపరేటర్లు ఒకేసారి బటన్ నొక్కితే, రెండోవారి రిక్వెస్టు మొదటిది అయ్యేదాకా ఆగాలి. రెండు లెక్కలూ కలిస్తే 2 సెకన్లు దాటిపోతుంది, జావాలో టైమౌట్ ఎక్సెప్షన్ (గడువు దాటిందని చెప్పే సంకేతం) వస్తుంది. పాత కోడ్ ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకుని, అదే రిక్వెస్టును అదే సాకెట్ మీద మళ్లీ పంపేది.

అక్కడి నుంచి ఏం జరుగుతుందో చూడండి. 41వ జాబ్ రిక్వెస్టు రెండుసార్లు వెళ్లింది. హోస్ట్‌కు ఇవి రెండు వేర్వేరు రిక్వెస్టులే, రెండింటికీ లెక్కగట్టి రెండు బదులులు పంపుతుంది. మొదటి బదులు ఆలస్యంగా వస్తుంది. జావా దాన్ని రెండో రిక్వెస్టు బదులనుకుని చదువుకుంటుంది. రెండూ 41వ జాబ్‌వే కాబట్టి అంకె సరైనదే, ఎవరికీ ఏమీ తెలియదు. రెండో బదులు మాత్రం ఎవరూ చదవకుండా సాకెట్ బఫర్‌లో (వచ్చిన బైట్లు చదివేదాకా ఉండే చోట) ఉండిపోతుంది. ఇప్పుడు 42వ జాబ్ పెడతారు. రిక్వెస్టు వెళ్లీ వెళ్లగానే జావాకు బఫర్‌లో ఒక బదులు సిద్ధంగా కనిపిస్తుంది, చదివేస్తుంది. 41 రీడింగ్ 42 మీద పడుతుంది. 42ది 43 మీద, 43ది 44 మీద. ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెట్టేదాకా ఇదే వరుస. అక్క చెప్పింది అక్షరాలా ఇదే.

ఒక ఆపరేటర్ చెప్పిన ఇంకో సంగతి దీన్ని ఖాయం చేసింది. “ఒక్కోసారి రీడింగ్ టక్కున వచ్చేస్తుంది సార్, ఆ రోజు మిషన్ బాగా పనిచేస్తోందనుకుంటాం” అన్నాడు. సెకనుకు పైగా పట్టే లెక్క టక్కున రావడమంటే అది ముందే వచ్చి కూర్చున్న పాత బదులు. తప్పు జరుగుతున్న పూటే సిస్టమ్ వేగంగా కనిపించింది.

కళ్లారా చూడ్డానికి, నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్ పెట్టాం. జావా, హోస్ట్ రెండూ అప్పటికి ఒకే పీసీలో ఉన్నాయి. విండోస్‌లో ఎన్‌పీక్యాప్ డ్రైవర్ ఉంటే, పీసీ తనతో తానే మాట్లాడే 127.0.0.1 అడ్రస్ మీద తిరిగే ప్యాకెట్లూ పట్టుకోవచ్చు. రెండు టేబుళ్లనూ కావాలని ఒకేసారి నొక్కించాం. ఒక బదులు రాకముందే రెండు రిక్వెస్టులు వెళ్లడం, తర్వాత బదులులు ఒక అడుగు వెనకబడి నడవడం స్పష్టంగా కనిపించింది.

జావా డాక్యుమెంటేషన్‌లో ఈ టైమౌట్ గురించి రాస్తూ, ఎక్సెప్షన్ వచ్చినా సాకెట్ చెల్లుబాటులోనే ఉంటుందని ఉంది. అది నిజమే, సాకెట్ వరకు. దాని మీద నడుస్తున్న సంభాషణ చెల్లుబాటులో ఉందని ఆ వాక్యం చెప్పదు. బదులు రావాల్సి ఉన్న సాకెట్‌ను టైమౌట్ తర్వాత ఇంకో ప్రశ్నకు వాడకూడదు. మూసేసి కొత్త కనెక్షన్ తెరవాలి, లేదా ప్రతి బదులూ తాను ఏ ప్రశ్నకు బదులో చెప్పగలగాలి. మొదటిది చిన్న మార్పు, ఆ సాయంత్రమే పెట్టి షిఫ్ట్ నడిపించాం. రెండోది అసలు వైద్యం.

ఈ వైద్యం కొత్తదేం కాదు. జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రమైన పార్క్‌లో పనిచేసిన బిరెల్, నెల్సన్ 1984లో రిమోట్ ప్రొసీజర్ కాల్ (నెట్‌వర్క్ మీద ఇంకో కంప్యూటర్‌లోని ఫంక్షన్‌ను పిలవడం) గురించి రాసిన పేపర్‌లో ప్రతి కాల్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉండాలన్నారు, కారణాలు రెండు చెప్పారు. వచ్చిన బదులు ఇప్పటి కాల్‌దే తప్ప ఆలస్యమైన పాత కాల్‌ది కాదని పిలిచినవాడికి తెలియాలి. అదే కాల్ రెండోసారి వస్తే అవతలివాడు గుర్తుపట్టి వదిలేయగలగాలి. పీణ్యలో కావాల్సినవి సరిగ్గా ఆ రెండే.

రెండో కారణం ఇక్కడ ఎలా వర్తించిందంటే, హోస్ట్ లెక్కతో పాటు గేజ్ పీసీలోని లాగ్ ఫైల్‌లో ఒక వరుస కూడా రాస్తుంది. లెక్క రెండుసార్లు కట్టినా నష్టం లేదు, జవాబు మారదు. లాగ్‌లో ఒకే జాబ్ రెండుసార్లు ఎక్కితే మాత్రం నెలాఖరు లెక్కల్లో ఇన్‌స్పెక్షన్ చేసిన రింగుల సంఖ్య తప్పుతుంది. ఇప్పుడు హోస్ట్ ఈమధ్య వచ్చిన గుర్తింపు సంఖ్యలనూ వాటికిచ్చిన బదులులనూ దగ్గర పెట్టుకుంటుంది. పాత సంఖ్య మళ్లీ వస్తే పాత బదులే ఇస్తుంది, లాగ్ జోలికి పోదు.

పద్దెనిమిది డిగ్రీల రింగు

కంపెనీ ప్రణాళిక ప్రకారం జావా భాగం ఆఫీసులోని కొత్త సర్వర్‌కు మారాలి, గేజ్ పీసీలో హోస్ట్ ఒక్కటే మిగలాలి. మార్చే ముందు రెండు కంప్యూటర్ల మధ్య స్విచ్ పెట్టి పరీక్షించాం. మంచిపనైంది.

పాత కోడ్ మెసేజ్‌కు ముందు 4 బైట్లలో పొడవు పంపేది. హోస్ట్ ఆ పొడవు చదివి, అన్ని బైట్లు కావాలని రిసీవ్ ఫంక్షన్‌ను ఒక్కసారి పిలిచేది. 3600 పాయింట్లు, ఒక్కోటి 8 బైట్ల డబుల్, మొత్తం 28,800 బైట్లు. రిసీవ్‌కు ఇచ్చే అంకె గరిష్ఠ హద్దు మాత్రమే. అప్పటికి ఎన్ని బైట్లు చేరితే అన్నే ఇచ్చి తిరిగి వస్తుంది. టీసీపీ ఇచ్చేది కుళాయి ధార, చెంబు కొలత మనది. ఒకే పీసీ లోపల మాట్లాడుకునేటప్పుడు ఈథర్‌నెట్ 1500 బైట్ల హద్దు అడ్డురాదు, 28,800 బైట్లూ దాదాపు ఎప్పుడూ ఒకేసారి దొరికేవి. అందుకే ఈ లోపం ఇన్నాళ్లూ దాగి ఉంది. మధ్యలో నిజమైన నెట్‌వర్క్ రాగానే, ప్యాకెట్ చిరునామా వివరాలు (హెడర్లు) పోను ఒక ప్యాకెట్‌లో పట్టే 1460 బైట్లే మొదటి రిసీవ్‌లో వచ్చిన సందర్భాలు కనిపించాయి.

ఆ తర్వాత జరిగింది ఇంకా ప్రమాదకరం. హోస్ట్ వచ్చిన బైట్లను 8తో భాగించి, వచ్చినన్ని పాయింట్లతోనే డీఎల్‌ఎల్‌ను పిలిచింది. 1460లో 182 పాయింట్లు పడతాయి. అంటే రింగులో 18 డిగ్రీల ముక్క. అంత చిన్న చాపం మీద గుండ్రదనం లెక్కగడితే తేడా దాదాపు ఎప్పుడూ చాలా తక్కువే వస్తుంది. 6 మైక్రాన్లు తప్పిన రింగుకు అద్భుతమైన రీడింగ్ వచ్చింది. ఆ తర్వాత మిగిలిన బైట్లను హోస్ట్ కొత్త మెసేజ్ పొడవుగా చదివి స్తంభించిపోయింది. స్తంభించడం కనిపిస్తుంది, ఎవరో ఒకరు రీస్టార్ట్ చేస్తారు. దాని ముందు వచ్చిన అందమైన రీడింగును మాత్రం ఎవరూ ప్రశ్నించరు.

వైద్యం సులభం: అడిగినన్ని బైట్లు నిండేదాకా లూప్‌లో చదవాలి. సున్నా బైట్లు వస్తే అవతలివాడు కనెక్షన్ మూశాడని అర్థం, లెక్కకు పోకుండా అక్కడే ఆపేయాలి. జావాలో డేటా ఇన్‌పుట్ స్ట్రీమ్‌కు రీడ్‌ఫుల్లీ ఉంది, ఈ పని అదే చేస్తుంది. పైథాన్‌లో మామూలు సాకెట్‌కు అలాంటిది లేదు, చిన్న లూప్ రాసుకోవాలి. పంపేటప్పుడు సెండ్ కాకుండా, అన్ని బైట్లూ పోయేదాకా పంపే సెండ్ఆల్ వాడాలి. పాయింట్ల సంఖ్యను కూడా మెసేజ్‌లో విడిగా పంపి, 3600 కాకపోతే డీఎల్‌ఎల్‌ను పిలవకుండా నిరాకరించమన్నాను. బైట్ల వరుస విషయంలో గొడవ లేదు. జావా డేటా స్ట్రీములు పెద్ద విలువ బైటు ముందు రాస్తాయి, హోస్ట్‌లో బైట్లను అంకెలుగా మార్చే స్ట్రక్ట్ మాడ్యూల్‌లో కూడా అదే వరుస ప్రకటించి ఉంది.

ఇలాంటి లోపాలు అదృష్టం మీద ఆధారపడకుండా దొరకాలంటే, మధ్యలో ఒక చిన్న ప్రాక్సీ పెట్టాలి. అది ఇటు వచ్చిన బైట్లను అటు ఒక్కొక్కటిగా, ఆగి ఆగి పంపాలి. సగం మెసేజ్ పంపి కనెక్షన్ తెంచే బటన్ కూడా దానికి ఉండాలి. యాభై వరుసల పైథాన్‌లో అయిపోతుంది. నేను ఏ సాకెట్ కోడ్ చూసినా ముందు దీన్నే నడుపుతాను.

గీత పడింది

ఆపరేటర్లు రీడింగ్‌తో పాటు చిన్న రిమార్క్ రాసే సౌకర్యం ఉంది. అది విడి మెసేజ్‌గా హోస్ట్‌కు వెళ్లి లాగ్‌లో పడుతుంది. “అక్కడ ఇంగ్లిష్‌లోనే రాయాలి, తెలుగులో రాస్తే హ్యాంగ్ అవుతుంది” అని గోడ మీద కాగితం అంటించి ఉంది. కన్నడలో రాసినా అంతే. ఈ కాగితం నాకు నచ్చలేదు. గ్రైండింగ్ రాయి గురించి అందరికంటే బాగా తెలిసిన మనిషి తన మాటల్లో రాయలేకపోతే ఆ రిమార్క్ కాలమ్ ఎందుకు?

కారణం పొడవు లెక్కలో ఉంది. జావా స్ట్రింగ్ (అక్షరాల వరుస) పొడవును అడిగి ఆ అంకెను 4 బైట్లలో పంపి, తర్వాత స్ట్రింగ్‌ను యూటీఎఫ్-8 (అన్ని లిపుల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) బైట్లుగా మార్చి పంపేవారు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, రెండు లెక్కలూ కలుస్తాయి. అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో తెలుగు 3072 నుంచి 3199 వరకు, దాని వెంటనే కన్నడ 3200 నుంచి 3327 వరకు ఉన్నాయి. యూటీఎఫ్-8లో వీటిలో ఒక్కోదానికి 3 బైట్లు. గుడింతం గుర్తులూ సున్నాలూ కూడా విడి యూనిట్లే.

ఒక ఆపరేటర్ “గీత పడింది” అని రాశాడనుకుందాం. జావా దృష్టిలో దాని పొడవు 10: తెలుగువి తొమ్మిది, ఖాళీ ఒకటి. బైట్లలో 28. ముందు పంపిన పొడవు 10 అంటుంది, వెనక 28 వస్తాయి. హోస్ట్ 10 బైట్లు చదువుతుంది. అది సరిగ్గా “గీత”, ఆ పక్కన ఖాళీ. తర్వాతి 4 బైట్లను కొత్త మెసేజ్ పొడవు అనుకుంటుంది. అవి “ప” అక్షరపు మూడు బైట్లు 224, 176, 170, దాని పక్క “డ” అక్షరపు మొదటి బైటు 224. నాలుగింటినీ కలిపి ఒక పూర్ణాంకంగా చదివితే 376,96,74,464. హోస్ట్ ఇక మూడున్నర జీబీకి పైగా డేటా కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. 32 బిట్ ప్రాసెస్‌కు విండోస్ మామూలుగా ఇచ్చేదే 2 జీబీ. అంత మెసేజ్ వచ్చినా అది పట్టుకోలేదు.

ముందు బైట్లుగా మార్చి, ఆ తర్వాత బైట్లనే లెక్కపెట్టాలి. రెండోది, పొడవుకు ఒక పైహద్దు ఉండాలి. ఇక్కడ 1 ఎంబీ పెట్టాం. అంతకు మించిన అంకె కనిపిస్తే ఎదురుచూడకుండా కనెక్షన్ తెంచేసి లాగ్‌లో రాయాలి. జావాలో రైట్‌యూటీఎఫ్ అనే సిద్ధమైన ఫంక్షన్ ఉంది కదా అనిపిస్తుంది. దాని పొడవు గడి 2 బైట్లే, 65,535 దాటదు. పైగా అది రాసేది అసలైన యూటీఎఫ్-8 కాదు, కొంచెం మార్చినది. తెలుగు అక్షరాలకు తేడా రాదు గానీ, ఆపరేటర్ ఒక ఎమోజీ పెడితే పైథాన్ ఆ బైట్లను చెల్లని యూటీఎఫ్-8 అని తోసేస్తుంది. రెండు వైపులా జావానే ఉంటే తప్ప దాన్ని వాడొద్దు. గోడ మీది కాగితం తీసేశారు.

థ్రెడ్ల గురించి

కంపెనీలో జావా చూసే కుర్రాడు మంచి ప్రశ్న అడిగాడు. “అన్నా, అసలు రెండో టేబుల్ ఆగడం వల్లే కదా ఇదంతా. హోస్ట్‌లో కనెక్షన్‌కు ఒక థ్రెడ్ పెడదాం. ఎలాగూ పైథాన్‌లో ఒకసారి ఒక థ్రెడ్‌నే నడవనిచ్చే గిల్ ఉంది, డీఎల్‌ఎల్‌లోకి ఇద్దరు ఒకేసారి వెళ్లరు కదా?”

“వెళ్తారు తమ్ముడూ,” అన్నాను. సీటైప్స్ ద్వారా సీ ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు పైథాన్ ఆ గిల్‌ను, అంటే గ్లోబల్ ఇంటర్‌ప్రెటర్ లాక్‌ను, వదిలేస్తుంది. బయటి కోడ్ ఎంతసేపు పడుతుందో తెలియదు కాబట్టి మిగతా థ్రెడ్లను ఆపకూడదని అలా చేశారు. పైడీఎల్‌ఎల్ అనే క్లాస్‌తో లోడ్ చేస్తేనే లాక్ పట్టుకుని ఉంటుంది. చెప్పి ఊరుకోకుండా ఇద్దరం కూర్చుని రెండు థ్రెడ్ల నుంచి రెండు వేర్వేరు రింగుల పాయింట్లు పంపి చూశాం. డీఎల్‌ఎల్ లోపల థ్రెడ్లన్నీ పంచుకునే గ్లోబల్ బఫర్ ఒకటి ఉన్నట్టుంది, రెండు రింగుల్లో దేనిదీ కాని అంకెలు వచ్చాయి.

చివరికి హోస్ట్‌ను రెండు ప్రాసెస్‌లుగా నడిపాం, టేబుల్‌కు ఒకటి, పోర్టూ (ఆ పీసీలో కనెక్షన్ చేరే నంబరు) వేరు. డీఎల్‌ఎల్ గ్లోబల్ వేరియబుల్స్ మామూలుగా ప్రాసెస్‌కు ప్రాసెస్‌కు విడివిడిగా ఉంటాయి కాబట్టి ఒకదాని పాయింట్లు ఇంకోదానికి తగలవు. రెండో టేబుల్ ఆగాల్సిన పనే పోయింది. టైమౌట్‌ను 10 సెకన్లకు పెంచి, ఆలోపు స్క్రీన్ మీద లెక్క జరుగుతోందని చూపిస్తున్నాం.

పీణ్యలో కరెంటు ఒక్క క్షణం పోయి రావడం మామూలే. ఆఫీసు సర్వర్‌కు యూపీఎస్ ఉంది, గేజ్ పీసీకి లేదు. పీసీ హఠాత్తుగా ఆగిపోతే కనెక్షన్ మూస్తున్నానని చెప్పే ప్యాకెట్ పంపదు. సర్వర్ ఆ కనెక్షన్ బతికే ఉందనుకుంటుంది. అవతలివైపు ఉందో లేదో చూసే టీసీపీ కీప్‌అలైవ్ అడిగితే తప్ప పనిచేయదు, అడిగినా దాని మొదటి విచారణకు డిఫాల్ట్‌గా 2 గంటలు. అందుకే సాకెట్ నుంచి చదివే ప్రతిసారీ టైమౌట్ పెట్టాం. ఊరికే ఉన్న కనెక్షన్ మీద కొన్ని సెకన్లకోసారి ఉన్నావా అని అడిగే చిన్న మెసేజ్ ఒకటి పంపుతున్నాం.

కొన్ని చిన్న విషయాలు. పొడవును ఒక రైట్‌తో, మెసేజ్‌ను ఇంకో రైట్‌తో పంపితే చిన్న ముక్కలను ఆపి కలిపి పంపే నేగల్ అల్గారిథమ్, అవతలివైపు ఆలస్యపు అక్నాలెడ్జ్‌మెంట్ (అందిందన్న కబురు) ఒకదానికోసం ఒకటి ఆగుతాయి. ఆ ఆలస్యం అర సెకను లోపు ఉండాలని టీసీపీ నియమం, కానీ ప్రతి రిక్వెస్టుకూ చేరితే తెలుస్తుంది. రెండింటినీ ఒకే బఫర్‌లో పెట్టి ఒకేసారి పంపాం, నేగల్‌ను ఆపే టీసీపీ నోడిలే కూడా పెట్టాం. డీఎల్‌ఎల్ ఎర్రర్ వస్తే -1 ఇస్తుంది, పాత హోస్ట్ దాన్ని రీడింగుగానే పంపేది. ఇప్పుడు స్థితికి ఒక బైటు, విలువకు 8 బైట్లు విడివిడిగా వెళ్తాయి. విండోస్ 7కు ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగిపోయాయి కాబట్టి గేజ్ పీసీ ఇంటర్నెట్ లేని విడి స్విచ్ మీద ఉంది, ఆ రెండు పోర్టులకు సర్వర్ అడ్రస్ ఒక్కదానికే ఫైర్‌వాల్ దారి ఇస్తుంది.

ఇలాంటి పిలుపుల కోసమే సిద్ధంగా దొరికే జీఆర్‌పీసీ వాడి ఉంటే ఇదంతా తప్పేది కదా అని అడుగుతారు. చాలావరకు తప్పేది. మెసేజ్ హద్దులు, ప్రశ్నకు బదులు జత, గడువు అన్నీ అందులో ఉన్నాయి. పిలవాల్సిన ఫంక్షన్లు పది ఉంటే, లేదా మూడో భాష వస్తుందనుకుంటే నేను మరో ఆలోచన లేకుండా అటే వెళ్తాను. ఇక్కడ ఉన్నవి మూడు ఫంక్షన్లు: లెక్కగట్టు, రిమార్క్ రాయి, ఉన్నావా. హోస్ట్ నడిచేది పాత విండోస్ మీద పాత 32 బిట్ పైథాన్. అక్కడ బయటి లైబ్రరీ ఒక్కటీ లేకుండా, పైథాన్‌తో వచ్చే మాడ్యూళ్లతోనే నడిచే ప్రోగ్రాం ఉంటే రేపు దాన్ని బాగుచేసేవాళ్లకు పని తేలిక. మెసేజ్ రూపం ఒక పేజీలో రాసిచ్చాను: పొడవు 4 బైట్లు, వెర్షన్ 1, రకం 1, గుర్తింపు సంఖ్య 8, ఆ తర్వాత విషయం. ఆ పేజీ కోడ్ పక్కనే ఉంది. బదులులో గుర్తింపు సంఖ్య కలవకపోతే జావా ఆ అంకెను స్క్రీన్ మీదకు రానివ్వదు, కనెక్షన్ మూసి ఎర్రర్ చూపిస్తుంది. ఆగిపోయిన గేజ్‌ను అందరూ చూస్తారు. తప్పు చూపే గేజ్‌ను ఎవరూ చూడరు.

వెళ్లిపోయిన రిపోర్టులు

యజమాని మొదటి రోజే అడిగిన ప్రశ్న ఇది: ఇప్పటికే కస్టమర్‌కు వెళ్లిన వాటిలో తప్పు ఎన్ని? దీనికి జవాబు దొరకడం హోస్ట్ లాగ్ వల్ల. రిక్వెస్టులో జాబ్ నంబరు ఉంటుంది, హోస్ట్ తాను లెక్కగట్టిన విలువను ఆ నంబరు పక్కనే రాస్తుంది. అంటే గేజ్ పీసీలోని లాగ్ ఎప్పుడూ సరైనదే, తప్పింది జావా డేటాబేస్. రెండింటినీ జాబ్ నంబరు మీద కలిపి చూస్తే విలువలు తేడా ఉన్న జాబ్‌లన్నీ బయటపడ్డాయి. ప్రతి గుంపుకూ ముందు హోస్ట్ లాగ్‌లో ఒక జాబ్ రెండుసార్లు ఎక్కి ఉంది, తప్పు ఎక్కడ మొదలైందో చూపే గుర్తు అదే. స్టోర్‌లో ఉన్న రింగులను మళ్లీ గేజ్ మీద పెట్టారు. బయటికి వెళ్లిన లాట్లకు యజమాని సరిచేసిన రిపోర్టులు పంపి, కారణం దాచకుండా రాశారు. 5 మైక్రాన్లు దాటినవి ఉన్న లాట్లను వెనక్కి తెప్పించారు. ఖర్చు ఆయనదే అయినా ఆ విషయంలో ఒక్క క్షణం తటపటాయించలేదు.

మిగిలింది ఆ డీఎల్‌ఎల్. విండోస్ 7 పీసీ ఎంతకాలం ఉంటుందో చెప్పలేం కాబట్టి గుండ్రదనం లెక్కను జావాలో రాయడం మొదలుపెట్టాం. ప్రతి రిక్వెస్టులోని 3600 పాయింట్లను హోస్ట్ ఇప్పుడు ఫైల్‌గా దాస్తోంది. ఆ ఫైళ్లను రెండు లెక్కలకూ ఇచ్చి బదులులు పోల్చుతున్నాం. పాయింట్లకు దగ్గరగా సరిపోయే కనిష్ఠ వర్గాల వృత్తం గీసే భాగం బాగానే కలుస్తోంది. తేడా వస్తున్నది సన్నని ఎగుడుదిగుళ్లను తీసేసే గాసియన్ ఫిల్టర్ దగ్గర. చుట్టుకు 50 తరంగాల దగ్గర కత్తిరిస్తే మామూలు జాబ్‌లకు డీఎల్‌ఎల్‌తో కలుస్తోంది, గ్రైండింగ్ గీతలు ఎక్కువున్న రింగులకు కలవడం లేదు. డీఎల్‌ఎల్ ఫిల్టర్ కంటే ముందు దుమ్ము వల్ల వచ్చే ఎగుడు పాయింట్లను తీసేస్తోందని నా అనుమానం. మాస్టర్ రింగు మీద కావాలని ఒక నూలుపోగు అంటించి తీసిన పాయింట్లతో దాన్నే ఇప్పుడు పరీక్షిస్తున్నాం.